విదేశయానము: నాటి యొడంబడిక, నేటి వీసా

ఏటేట మన మహాసభ సమావేశమగునప్పుడు, గత సంవత్సరమున విదేశములకేగిన విద్యార్థుల పేరులు వేదికపై చదువుట మన కొక యాచారమైనది. ఆ పేరులు వినునప్పుడు సభ యెల్ల కరతాళధ్వనులతో నిండును. తలిదండ్రుల కన్నులు చెమర్చును. ఆ యానందమును తగ్గించుట నా యుద్దేశము కాదు. కాని ఆ బాలుడు ఏ కాగితమును చేతబట్టుకొని పోయెను, అందేమి వ్రాసియున్నది, అది యెన్నాళ్ళు చెల్లును అను ప్రశ్నలను ఆ సభలో నెవ్వరును అడుగరు. ఈ ప్రశ్నల నడుగకపోవుటవలన మనవారు దాదాపు రెండు వందల యేండ్లుగా పడిన పాట్లు చరిత్రయందు వ్రాయబడియున్నవి. ఆ చరిత్రను సంగ్రహముగా సోదరులకును, మన సంఘమును పోషించు వదాన్యులకును మనవి చేయుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

కోరంగి రేవు

తెలుగువారు సముద్రయానము నెఱుగనివారు కారు. గోదావరి ముఖమునందలి కోరంగి యొకప్పుడు ఓడలను కట్టు రేవు. 1789లోను, 1839లోను వచ్చిన పెనుతుపానులు ఆ పట్టణమును ముంచివైచినవి. రేవు నశించినను పేరు నశింపలేదు. మారిషసు ద్వీపమునను, బర్మా దేశమునను తెలుగువారిని 'కోరంగీలు' అనియే పిలిచిరి. ఊరు పోయినను ఊరి పేరు జాతి పేరై నిలిచినది.

ఇంగ్లీషువారి సామ్రాజ్యమున బానిసత్వము రద్దయిన పిమ్మట చెఱకుతోటలకు పనివారు కావలసివచ్చిరి. 1834 మొదలు మారిషసునకును, 1860 మొదలు దక్షిణాఫ్రికాలోని నేటాలునకును, ఇరువదవ శతాబ్ది యారంభమున చెన్నపట్టణపు రేవునుండి ఫిజీ దీవులకును మన జిల్లాల కూలీలు పోయిరి. సముద్రము దాటవచ్చునా, దాటరాదా యని పండితులు ధర్మశాస్త్రముల నాశ్రయించి వాదించుచుండగనే కఱవుపాలైన రైతులును, చేనేతవారును, బెస్తలును ఓడ నెక్కిరి.

గిర్మిటు

ట్రూరో అను నోడ చెన్నపట్టణమున 342 మందిని ఎక్కించుకొని 1860 నవంబరు 16వ తేదీన దర్బాను రేవు చేరెను. నేటాలునకు చేరిన మొదటి భారతీయ కూలీల యోడ యిదియే. మొదటి యేడు నెలకు 10 షిల్లింగుల కూలి. అటుపై ఏటేట నొక షిల్లింగు పెంపు. తిండి, వసతి యజమానునివి. ఇవి చెవికింపైన మాటలు. కాని అదే కాగితమున గడువు తీరువఱకు యజమానుని విడువరాదనియు ఉండెను. చీటి లేక తోట దాటుట నేరము. పని మానుట నేరము. ఒడంబడికకు ఇంగ్లీషువారి మాట అగ్రిమెంటు. ఆ మాట ఫిజీ మొదలగు చోట్ల కూలీల నోట నలిగి 'గిర్మిటు' అయ్యెను. ఆ యొక్క మాటలో ఒక తరమువారి దుఃఖమంతయు నిమిడియున్నది.

ఆ యోడల పట్టికలు నేటికిని నిలిచియున్నవి. అందు ప్రతివాని సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, జిల్లా, గ్రామము, కులము వ్రాయబడియున్నవి. కులసంఘమునకు చెందిన నాకు ఆ కులపు గడి మీదికే చూపు పోవుట సహజము. కాని ఓడ కదలిన పిమ్మట ఆ కులము పట్టికలోనే మిగిలెను. ఒకే పొయ్యిమీద నుడికిన యన్నమును అందఱును తినవలసివచ్చెను. తోటలో మేస్త్రీ కొరడా కులమడుగలేదు.

గడువు తీరినవాడు స్వేచ్ఛగా బ్రదుకవచ్చునని తలచిన వారికి 1895లో మఱియొక చట్టము ఎదురైనది. అటుపై ఒడంబడిక వ్రాసి వచ్చినవారు గడువు తీరిన వెంటనే స్వదేశమునకు పోవలెను, లేదా మరల ఒడంబడిక వ్రాయవలెను. రెండును కాదన్నచో ఏటికి 3 పౌనుల పన్ను కట్టవలెను. నెలకు 10 షిల్లింగులు గడించువానికి 3 పౌనులనగా ఆఱు మాసముల కూలి. చదువరానివానికి ఆ షరతు బరువు గడువు తీరిననాడుగాని తెలియదు. 1913లో గాంధీ మహాత్ముని నాయకత్వమున జరిగిన మహా సమ్మె తరువాత, 1914లో ఆ పన్ను రద్దయ్యెను. 1911లోనే భారతదేశమునుండి నేటాలునకు కూలీలను పంపుట నిలిచిపోయినది. అచ్చట మిగిలిన మనవారి సంతతి 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని, తాతల భాషను మనుమలకు నేర్పుటకు పూనుకొనిరి. ఏ పాఠమైనను చెప్పువారులేని దూరదేశమున వారు చేసిన యా కృషి మనకు వందనీయము.

రంగూను

బర్మా ప్రయాణము వేఱొక విధమైనది. 1937 ఏప్రిలు 1వ తేదీవఱకు బర్మా భారత సామ్రాజ్యములో నొక రాష్ట్రము. విశాఖపట్టణము, కాకినాడ రేవులలో స్టీమరు నెక్కి రంగూనులో దిగుటకు పాస్‌పోర్టు అక్కఱలేదు, వీసా అక్కఱలేదు. కావలసినది మేస్త్రీ దయ మాత్రమే. మేస్త్రీ టిక్కెట్టు సొమ్ము బదులిచ్చును. అచ్చట కూలిలో కోసికొనును. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలనుండి వేలకొలది జనులు ఏటేట పోయి రంగూను రేవులో మూటలు మోసి, బియ్యపు మిల్లులలో పనిచేసి, కొన్ని యేండ్లకు తిరిగి వచ్చుచుండిరి. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరవాసులలో సగమునకు మించి భారతీయులే.

పరదేశమని తోచకుండుటయే అచ్చటి ప్రమాదము. 1930 మే మాసమున తెలుగు రేవు కూలీలు ఎక్కువ కూలి కోరి సమ్మె చేయగా, వారి స్థానమున బర్మా వారిని పనిలో పెట్టుకొనిరి. సమ్మె సమసి తెలుగువారిని మరల పిలువగా, తొలగింపబడిన బర్మావారి కోపము తెలుగు కూలీలమీద విరుచుకుపడెను. నగరము రక్తసిక్తమయ్యెను. 1937లో బర్మా విడిపోయెను. 1941లో నిండియాకును బర్మాకును జరిగిన యొప్పందమున అనుమతిపత్రములు, వీసాలు ఏర్పడినవి. నిన్నటి స్వదేశము కలము పోటుతో పరదేశమయ్యెను. ఆ సంవత్సరము డిసెంబరు 23న రంగూనుపై జపానువారి బాంబులు పడగా, లక్షలాది భారతీయులు అడవులలో, కొండలలో నడచి స్వదేశమునకు బయలుదేఱిరి. దారిలో రాలిపోయినవారి లెక్క సరిగా నెవ్వరును వ్రాయలేదు. మిగిలినవారిలో పెక్కుమంది 1962 సైనిక పాలనము, తరువాతి జాతీయకరణములవలన కట్టుబట్టలతో తిరిగి వచ్చిరి. విశాఖపట్టణమున 'బర్మా క్యాంపు' అను పేరు నేటికిని ఆ సంగతిని జ్ఞాపకము చేయుచున్నది.

ఒక దాత, ఒక విద్యార్థి

ఆ రంగూనులోనే ఒక వెలుగు రేఖయు గలదు. కోరంగి ప్రాంతమున పేదకుటుంబమున బుట్టిన మల్లాడి సత్యలింగ నాయకరుగారు బర్మాకేగి, రేవు పనులలో గొప్ప ధనము నార్జించి, దానిని కాకినాడలో విద్యాదానమునకును, అన్నదానమునకును ధర్మసంస్థగా నేర్పఱచి పోయిరి. 1920 దశకమున, భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రమును చదువబోవునప్పుడు, వారికి ఆసరాయైనవి రెండు: మామగారు సమకూర్చిన ధనమును, ఈ ధర్మసంస్థ యొక్క చేయూతయును. రేవులో మూటలకడ గడించిన సొమ్ము బోస్టను నగరమున నొక శాస్త్రజ్ఞునికి దారి చూపెను. దాత కులము వేఱు, విద్యార్థి కులము వేఱు. ఈ విషయమును మనము చిరకాలము జ్ఞాపకముంచుకొనవలయును.

సుబ్బారావుగారి జీవితము మఱియొక పాఠము చెప్పుచున్నది. చెన్నపట్టణమున వారికి దొరకినది వైద్యపట్టము కాదు, తక్కువ తరగతి యోగ్యతాపత్రము మాత్రమే. అమెరికాలో ఆ పత్రమునకు విలువ లేకపోగా, వారు చదువుకొనుచు ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుడుగా పనిచేసి పొట్టపోసికొనిరి. ఆ చేతులే ఫిస్కేగారితో కలసి 1925లో రక్తమునందును, మూత్రమునందును భాస్వరమును కొలుచు పద్ధతిని లోకమున కొసగినవి. తరువాత లెడర్లీ పరిశోధనాలయమున వారి నాయకత్వమున వెలువడిన ఔషధములు కోట్లాది ప్రజల ప్రాణములను నిలిపినవి.

కాని అమెరికా చట్టము వారిని తనవానిగా నంగీకరింపలేదు. 1917 చట్టము ఆసియావాసులకు వలసద్వారమును మూసివైచెను. విద్యార్థుల కొక సందు మాత్రము విడిచెను. 1923లో భగత్‌సింగ్ థిండు వ్యాజ్యెమున ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పెను. 1946 జూలైలో చట్టము మారి, ఏటికి నూఱుగురు భారతీయులకు ప్రవేశమును, పౌరసత్వపు హక్కును కలిగినవి. సుబ్బారావుగారు 1948 ఆగష్టులో, 53వ యేట, ఆ దేశ పౌరుడు కాకయే కన్నుమూసిరి. వారు వెళ్ళిననాడు వీడ్కోలు చెప్పిన భార్య మరల వారిని చూడనే లేదు.

చట్టమే విద్యను ఎంచుట

1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సనుగారు న్యూయార్కులో స్వాతంత్ర్యదేవి విగ్రహపు పాదముకడ నొక చట్టముపై సంతకము చేసిరి. జాతినిబట్టి పాళ్ళు పంచు పాతపద్ధతి పోయెను; వృత్తినైపుణ్యమునకును, కుటుంబ బంధమునకును ప్రాధాన్యము వచ్చెను. అమెరికాలో అప్పుడు వైద్యులు చాలకుండిరి. విశాఖపట్టణము, గుంటూరు, కాకినాడ, హైదరాబాదు వైద్యకళాశాలల పట్టభద్రులు విమానము లెక్కిరి. ప్రతి సంపన్న గృహమందును 'మావాడు డాక్టరు' అను కోరిక పుట్టెను. 1976లో విదేశ వైద్యులపై నిబంధనలు బిగియగా ఆ ప్రవాహము సన్నగిలెను. మరుసటి సంవత్సరమే, అనగా 1977లో, ఉత్తరామెరికాలోని తెలుగువారు న్యూయార్కులో తమ మొదటి మహాసభను జరుపుకొనిరి.

1990 చట్టము హెచ్-1బి అను తాత్కాలికోద్యోగ వీసాను ఏటికి 65,000గా నిర్ణయించెను. శతాబ్ది ముగియుచుండగా గణనయంత్రములలో సంవత్సరపు అంకెలను సరిదిద్దు పని ముంచుకొనివచ్చెను. ఆ సంఖ్య 2001 మొదలు 2003 వఱకు 1,95,000గా పెరిగి, 2004లో మరల 65,000కు దిగెను. అమెరికాలోనే ఉన్నతపట్టము పొందినవారికి మఱి 20,000 చేర్చిరి. మన పల్లెలలో మామిడితోట లున్నచోట ఇంజనీరింగు కళాశాలలు మొలిచినవి. 2008లో విజ్ఞాన, సాంకేతిక, ఇంజనీరింగు, గణిత శాఖల విద్యార్థులకు చదువు ముగిసిన పిమ్మట పనినేర్చు గడువును పదునేడు మాసములు పొడిగించిరి. 2016లో దానిని ఇరువదినాలుగు మాసములు చేసిరి. అంతట చరిత్ర, సాహిత్యము, న్యాయము, వ్యవసాయము నేర్వగోరిన బాలుడు సయితము కంప్యూటరు శాస్త్రమునకే దరఖాస్తు పెట్టెను.

సోదరులారా, ఈ చరిత్రయందు నాకు కనబడిన ముఖ్యవిషయ మిది. మన బిడ్డల విద్యను ఎంచినది బిడ్డలు కారు, తలిదండ్రులును కారు. సప్తసముద్రముల కావల నొక సభలో వ్రాయబడిన చట్టము ఎంచినది. చట్టము మారిననాడు ఆ విద్య చేతిలో మిగిలియుండును. ద్వారము మాత్రము మూసికొనియుండును. 2001లో అంతర్జాల వ్యాపారములు కూలినప్పుడు ఉద్యోగములు పోయి తిరిగివచ్చిన యువకులను మనలో పెక్కురు ఎఱుగుదురు.

నేటి కాగితములు

ఇక నేటి విద్యార్థి చేతిలోని కాగితములను చదివి చూతము. కళాశాల ఇచ్చు ఐ-20 పత్రము మొదటిది. దానిపై ఎఫ్-1 వీసా పొందినవాడు చదువుకై వచ్చినవాడే గాని స్థిరపడుటకు వచ్చినవాడు కాడు. ఆ మాటను అతడు వీసా యధికారి యెదుట ఒప్పించవలెను. చదువు సాగునప్పుడు కళాశాల యావరణములోనే వారమునకు ఇరువది గంటలకు మించక పనిచేయవచ్చును. బయట అనుమతిలేక అంగడిలోనో, భోజనశాలలోనో పనిచేసినచో వీసా భంగమగును. చదువు ముగిసిన పిమ్మట పండ్రెండు మాసముల పని గడువున తొంబది దినములకు మించి ఉద్యోగము లేక యుండరాదు.

తరువాతిది హెచ్-1బి. దానికి దరఖాస్తు పెట్టువాడు యజమానుడు, ఉద్యోగి కాడు. కోరువారు ఎక్కువై, చీట్లు వేసి ఎంచు పద్ధతి అనేక సంవత్సరములు నడచెను. ఉద్యోగము పోయినచో ఆ దేశమున నిలుచుటకు సాధారణముగా అఱువది దినముల వ్యవధి. 2025 సెప్టెంబరులో, దేశము వెలుపలనున్నవారికై పెట్టు క్రొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమును విధించుచు అధ్యక్షుని ప్రకటన వెలువడెను. ఒక్క సంతకముతో వేల కుటుంబముల లెక్కలు తారుమారైనవి.

గ్రీను కార్డు సంగతి మఱింత గంభీరము. ఉద్యోగమునుబట్టి ఇచ్చునవి ఏటికి దాదాపు 1,40,000. అందు ఏ యొక్క దేశమున బుట్టినవారికిని నూటికి ఏడు పాళ్ళకు మించి యీయరాదనుట సామాన్య నియమము. అల్పజనము గల దేశమునకును, నూట నలువది కోట్ల భారతదేశమునకును ఒకటే కొలత. కావున మనవారి వరుస దశాబ్దముల పొడవున సాగుచున్నది. తలిదండ్రులు వరుసలో నుండగనే బిడ్డకు ఇరువదియొక యేండ్లు నిండినచో, చట్టము కొంత వెసులుబాటు కల్పించినను, పెక్కుమంది బిడ్డలు ఆ వరుసనుండి జారిపోవుచున్నారు. పుట్టి పెరిగిన యూరు మఱచి, పెరుగుచున్న యూరు తనది కాక, ఆ బాలుడు ఎటు పోవలెను? భర్త వీసాపై వెళ్ళిన చదువరియగు స్త్రీ యేండ్లకొలది యే పనియు చేయరాక ఇంటనే యుండెను. 2015లో వారిలో కొందఱికి మాత్రము పనిచేయు అనుమతి దొరకెను.

ఇతర దేశముల ద్వారములును ఇరుకైనవి. 2024లో కెనడా విద్యార్థి యనుమతులకు పరిమితి పెట్టెను. ఇంగ్లండు అధికసంఖ్యాక విద్యార్థులు తమ కుటుంబమును వెంట తెచ్చుకొనుటను నిషేధించెను. ఆస్ట్రేలియా విద్యార్థి వీసా రుసుమును 710 డాలర్లనుండి 1,600 డాలర్లకు పెంచెను.

నాటి మేస్త్రీ నేడు వేషము మార్చుకొని యున్నాడు. చదువు చెప్పని కళాశాలకు రుసుము కట్టించి, వీసా నిలిచియుండిన చాలునని నమ్మించు దళారి అతడే. 2019 జనవరిలో అమెరికా ప్రభుత్వమే మిషిగను రాష్ట్రమున నొక బూటకపు విశ్వవిద్యాలయమును నడపి, అందు చేరిన వందమందికి పైగా విద్యార్థులను నిర్బంధించెను. వారిలో దాదాపు అందఱును భారతీయులు, తెలుగువారు పెక్కుమంది. తాతలు చదువనేరక మోసపోయిరి. మనుమలు పట్టభద్రులై యుండియు, తమ కాగితమును తాము చదువక మోసపోయిరి. ఈ రెండవ మోసమునకు మనకు సాకు లేదు.

మన సంఘ కర్తవ్యము

చరిత్రను చెప్పి ఊరకుండుట వలన ఫలము లేదు. కావున నాలుగు విన్నపములు చేయుచున్నాను.

మొదటిది. మన విద్యార్థి వసతిగృహములయందు విదేశయాన సలహాశాల నొక దానిని నెలకొల్పవలయును. కళాశాల గుర్తింపు గలదా, పట్టమునకు విలువ గలదా, అప్పు ఎంత, వడ్డీ ఎంత, వీసా షరతు లేమి అను వానిని ఆ చట్టముల నెఱిగిన వారిచేత చదివించి, బిడ్డ సంతకము చేయుటకు ముందే ఇంటివారికి తెలుగున వినిపింపవలయును. విదేశములందు స్థిరపడిన మన సోదరులు నెలకు రెండు గంటలు దీనికి కేటాయించిన చాలును.

రెండవది. పొలము తాకట్టు పెట్టి పంపుట మానవలయును. వడ్డీ లేని విద్యాఋణనిధికి వదాన్యులు తోడ్పడుదురుగాక. ఏ విద్యనైనను, ఏ దేశమునందైనను, స్వదేశమునందైనను చదువగోరువారికి ఆ నిధి సమముగా నందవలయును. వీసా గల విద్యకే వేతనమిచ్చినచో మనము చట్టమునకు దాసులము.

మూడవది. వీసాను చూచి వరుని వెల కట్టు దురాచారము మనలో ప్రబలినది. తిరిగివచ్చినవానిని ఓడిపోయినవానిగా చూచుటయు ప్రబలినది. రంగూనునుండి తిరిగివచ్చిన తాత ఓడిపోయినవాడు కాడు, ప్రాణములతో వచ్చినవాడు. తిరిగివచ్చిన బిడ్డకు వేదికపై చోటిత్తము.

నాల్గవది చెప్పుటకు కొంత సంకోచమున్నను చెప్పక తప్పదు. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిలు నగరసభ కులమునుబట్టి చేయు వివక్షను నిషేధించు శాసనము చేసెను. ఓడలో సైతము నిలువనిది మన పెట్టెలలో విమానమెక్కి పోయెనన్న మాట. కులసంఘము పరస్పర సహాయమునకై పుట్టినది. ఒరుల నణచుటకు కాదు. మన నిధిలో కొంతభాగమైనను సత్యలింగ నాయకరుగారి మార్గమున, కులమడుగక, పేదవిద్యార్థి కెవ్వనికైనను ఈయబడుగాక. అట్టి నిధి నుండి మఱియొక సుబ్బారావు వెలువడడని ఎవరు చెప్పగలరు?

వచ్చు మహాసభలో పేరులు చదువునప్పుడు, ప్రతి పేరు తరువాత 'కాగితము చదివి పంపితిమి' అని కార్యదర్శిగారు చెప్పగలిగిన నాడు మన కరతాళధ్వనులు సార్థకములగును. అట్టి దినము శీఘ్రముగా వచ్చుగాక యని సర్వేశ్వరుని ప్రార్థించుచు విరమించుచున్నాను.

శుభమస్తు.